వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటు కారులో ఎక్కడ బిగించాలి: మధ్యలోనా, ఎడమ పక్కనా, డ్రైవర్ వెనకా?

బేబీ కారు సీటు కొనేదాకా ఒక టెన్షన్, కొన్నాక దాన్ని కారులో ఎక్కడ బిగించాలన్నది ఇంకో టెన్షన్. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగు ఇళ్ళలో చిన్నపిల్లలున్నవాళ్ళు ఈ మాట తరచూ అడుగుతున్నారు. అడగాల్సిందే. మన చుట్టాల్లో సగం మంది ఆంధ్రా పక్కనే ఉంటారు. పెళ్ళికి పలాస, పండక్కి పార్వతీపురం, పెద్దాసుపత్రికి విశాఖపట్నం. ఏడాది పిల్లాడితో గంటల తరబడి కారు ప్రయాణం మనకు మామూలే.

వచ్చిన చిక్కల్లా ఏంటంటే, ఈ విషయం మీద ఫోన్లో కనబడే వీడియోలు ఎక్కువ అమెరికా వాళ్ళవి. అక్కడ బండ్లు రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి, స్టీరింగ్ ఎడమ పక్కన ఉంటుంది. వాళ్ళు "కుడి పక్కన పెట్టండి" అంటే మనం ఎడమ పక్క అని అర్థం చేసుకోవాలి. ఇది గమనించకుండా ఆ మాట ఉన్నదున్నట్టు పాటిస్తే, పిల్లాడిని లారీలు దూసుకుపోయే వైపు దించుకోవాల్సి వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెనక సీటు మధ్యలో మీ బేబీ సీటు కదలకుండా బిగుస్తుందంటే అదే మొదటి చోటు. కానీ మనం నడిపే చిన్న కార్లలో చాలావాటిలో అది అక్కడ సరిగ్గా బిగవదు. బిగవనప్పుడు వెనక ఎడమ పక్క పెట్టండి, అంటే ముందు ప్యాసింజర్ సీటు వెనక. డ్రైవర్ వెనక అన్నది మూడోది, వేరే దారి లేనప్పుడు. ముందు సీటు మాత్రం ఆలోచించనే వద్దు. ఎందుకో ఒక్కొక్కటీ చెప్తాను.

అసలు వెనక్కి ఎందుకు తిరిగి ఉండాలి

పసిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువైనది. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, వాటిని పట్టి ఉంచే కండరాలకు బలం చాలదు. కారు ఎదురుగా దేన్నైనా గుద్దినప్పుడు, ముందుకు చూస్తూ కూర్చున్న పిల్లాడి ఒళ్ళు బెల్టు దగ్గర ఆగిపోతుంది, తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది. ఆ విసురంతా మెడ మీదే పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే సీటు వీపు భాగం తలనీ, మెడనీ, నడుమునీ ఒకేసారి పట్టుకుంటుంది. చంటిబిడ్డని ఎత్తుకునేటప్పుడు మెడ కింద చెయ్యి వెయ్యమని మన అమ్మమ్మలు ఎందుకు చెప్తారో, ఆ సీటు చేసే పనీ అదే.

అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో తన సలహా మార్చుకుంది. రెండేళ్ళు నిండగానే ముందుకు తిప్పెయ్యమని కాకుండా, ఆ సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటేదాకా వెనక్కే ఉంచమంది. స్వీడన్‌లో నాలుగేళ్ళ దాకా ఇలాగే కూర్చోబెడతారు. యూరప్ కొత్త ప్రమాణమైన ఆర్129 ప్రకారం 15 నెలలు నిండే వరకు ముందుకు తిప్పడానికి వీల్లేదు. మన దగ్గర దొరికే సీట్ల మీద ఎక్కువగా ఆర్44 (యూరప్ పాత ప్రమాణం) అన్న నారింజ రంగు లేబుల్ కనబడుతుంది. అందులో 0+ అని ఉంటే 13 కిలోల దాకా అని లెక్క. కొన్ని సీట్లు 18 కిలోల దాకా వెనక్కి ఉంచుకోవచ్చు. అవి దొరికితే వాటికే నా ఓటు.

"కాళ్ళు మడుచుకుని పాపం ఎలా కూర్చుంటాడు?" అని ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతారు. పిల్లలు కాళ్ళు మడుచుకుని, చాచి, సీటు మీదకి ఎత్తి, ఎలాగోలా సర్దుకుంటారు. ప్రమాదంలో మెడకి దెబ్బ తగలడంతో పోలిస్తే కాలి దెబ్బ నయమయ్యేది. "వెనక నుంచి లారీ గుద్దితేనో?" అన్నది ఇంకో ప్రశ్న. వెనక నుంచి గుద్దే బండి కూడా మనం వెళ్ళే దిక్కుకే వస్తుంది కాబట్టి రెండు వేగాల మధ్య తేడా మాత్రమే దెబ్బగా తగులుతుంది. ఎదురుగా గుద్దుకుంటే రెండు వేగాలూ కలుస్తాయి. అలాంటి దెబ్బే ఎక్కువ ప్రమాదం.

ఒడి గురించి ఒక మాట

"నా ఒళ్ళో కూకోబెట్టుకుంటాను కదే, ఆ కుర్చీ ఎందుకు?" అనే అత్తమ్మ లేని ఇల్లు ఉండదు. ఆవిడ ప్రేమలో లోటేమీ లేదు. లెక్క ఒప్పుకోదు, అంతే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతు సమయంలో ఆగిపోయిందనుకోండి. 10 కిలోల పిల్లాడు ఆ క్షణంలో దాదాపు 140 కిలోల బరువులా చేతుల్లోంచి లాక్కుపోతాడు. ఎంత బలమున్న మనిషైనా పట్టి ఉంచలేరు. బెల్టు లేకుండా ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళయితే వాళ్ళ బరువు కూడా పిల్లాడి మీదే పడుతుంది. అత్తమ్మకు ఈ 140 కిలోల మాట మెల్లగా చెప్పి, "మీరు పక్కనే కూర్చోండి అత్తమ్మా, వాడి చెయ్యి పట్టుకోండి" అంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. చట్టం కూడా ఇదే చెప్తోంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్ళ లోపు పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా.

ముందు సీటు ఎందుకు వద్దు

ఎయిర్‌బ్యాగ్ వల్ల. పెద్దవాళ్ళ ఛాతీని ఆపడానికి చేసిన సంచి అది. గంటకు 300 కిలోమీటర్ల దరిదాపు వేగంతో బయటకు తన్నుకొస్తుంది. వెనక్కి తిరిగిన బేబీ సీటు వీపు సరిగ్గా డ్యాష్‌బోర్డుకి దగ్గరగా ఉంటుంది. ఆ సంచి వచ్చి సీటు వీపుని, అంటే పిల్లాడి తల వెనక భాగాన్ని కొడుతుంది. చిన్న గుద్దుడులో కూడా ప్రాణం పోవచ్చు. ముందు సన్ వైజర్ మీద బేబీ సీటు బొమ్మకి అడ్డంగా ఎర్ర గీత ఉన్న స్టిక్కర్ చూసే ఉంటారు. అది దీని గురించే.

స్వీడన్‌లో ముందు సీట్లో పెడతారు కదా అని కొందరు అంటారు. నిజమే, పెడతారు. అక్కడి కార్లలో ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్‌ని తాళంతోనో స్విచ్‌తోనో ఆపే ఏర్పాటు ఉంటుంది, ఆపేశాకే పెడతారు. మన కార్లలో చాలావాటికి ఆ స్విచ్ ఉండదు. మెకానిక్‌తో ఫ్యూజు పీకించే పని మాత్రం చెయ్యకండి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కూడా పనిచెయ్యకుండా పోవచ్చు, బెల్టుల్ని బిగించే యంత్రం కూడా ఆగిపోవచ్చు. ఎయిర్‌బ్యాగే లేని పాత కారు అయితే? అప్పుడు కూడా వెనక సీటే. ఎదురు దెబ్బ ముందు తగిలేది ముందు సీటు వాళ్ళకి.

మధ్యలో పెట్టడం

పక్క నుంచి ఏ బండి గుద్దినా మధ్యలో ఉన్నవాళ్ళకు రెండు వైపులా జాగా ఉంటుంది. తలుపు లోపలికి నొక్కుకుపోయినా పిల్లాడి దాకా రావడానికి దూరం ఎక్కువ. దీనికి ఆధారం కూడా ఉంది. అమెరికాలో మూడేళ్ళ లోపు పిల్లల మీద చేసిన ఒక పరిశీలన 2008లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. వెనక మధ్య సీట్లో ఉన్న పిల్లలకు, వెనక రెండు పక్కల ఉన్నవాళ్ళ కన్నా గాయాల ముప్పు 43 శాతం తక్కువని తేలింది. మధ్యలో పెట్టమని అందరూ చెప్పడం వెనక ఉన్నది ఇదే.

కానీ ఈ అంకె సీటు సరిగ్గా బిగిసి ఉన్నప్పటి మాట. మన ఆల్టో, వ్యాగనార్, స్విఫ్ట్, డిజైర్ లాంటి కార్లలో వెనక మధ్య చోటుని ఒకసారి దగ్గరగా చూడండి. మొట్టమొదట ఐసోఫిక్స్ కొక్కేలు. బేబీ సీటుని బెల్టు లేకుండా నేరుగా కారుకే తగిలించడానికి సీటు మడతలో దాగి ఉండే ఇనుప కడ్డీలివి. ఒక జతలో రెండు కడ్డీల మధ్య దూరం 28 సెంటీమీటర్లు. మన దగ్గర అమ్ముడయ్యే కార్లలో ఎక్కువగా ఎడమ చివర ఒక జత, కుడి చివర ఒక జత ఉంటాయి. మధ్యలో ఉండవు. ఎడమ జతలోంచి ఒకటి, కుడి జతలోంచి ఒకటి తీసుకుని మధ్యలో బిగించేద్దామని కొందరు ప్రయత్నిస్తారు. వాటి మధ్య దూరం వేరు. కారు మాన్యువల్‌లో పెట్టొచ్చని స్పష్టంగా రాసి ఉంటే తప్ప అది చెయ్యకూడదు.

సరే, బెల్టుతో బిగిద్దామంటే, చాలా పాత మోడళ్ళలో మధ్య సీటుకి నడుముకి మాత్రమే చుట్టుకునే బెల్టు ఉంటుంది. భుజం మీదుగా వచ్చేది ఉండదు. వెనక్కి తిరిగే సీట్లలో ఎక్కువ వాటికి భుజం బెల్టు కూడా ఉన్న మూడు పాయింట్ల బెల్టు కావాలి, ఎందుకంటే ఆ భుజం భాగం సీటు వీపు చుట్టూ తిరిగి దాన్ని నిలబెడుతుంది. నడుము బెల్టుతో సరిపోతుందని సీటు మాన్యువల్ చెప్పకపోతే మధ్య చోటు గురించి ఆలోచన అక్కడితో ఆగిపోవాలి. ఇంకా ఉన్నాయి. మధ్యలో సీటు ఉబ్బుగా ఉండి బేబీ సీటు అటూ ఇటూ ఊగుతుంది. కింద నేల మీద గట్టు ఉంటే సపోర్ట్ లెగ్ (బేబీ సీటు నుంచి కారు నేల మీదకి దిగే ఊత కాలు) ఉన్న సీటు సరిగ్గా నిలబడదు. వెనక సీటు వీపులోంచి కిందకి వాల్చుకునే ఆర్మ్‌రెస్ట్ ఉన్న కార్లలో, గుద్దుడులో అది ఊడి కిందకి పడి పిల్లాడికి తగలొచ్చు. కొన్ని సీట్ల కంపెనీలు అలాంటి చోట పెట్టొద్దనే రాస్తాయి.

ఇంకోటి మన కుటుంబాల సంగతి. మధ్యలో బేబీ సీటు పెడితే చిన్న కారులో దానికి ఒక పక్క అమ్మ, ఇంకో పక్క నాయనమ్మ తలుపుకి ఆనుకుని ఇరుక్కుని కూర్చోవాలి. బెల్టు బకిల్ బేబీ సీటు కిందకి పోయి, పెద్దవాళ్ళు బెల్టు పెట్టుకోలేని పరిస్థితి వస్తుంది. పిల్లాడి పక్కన బెల్టు లేని పెద్దమనిషి ఉంటే గుద్దుడులో వాళ్ళే వెళ్ళి పిల్లాడి మీద పడతారు. అప్పుడు మధ్య చోటుకున్న మేలంతా పోయినట్టే.

కాబట్టి మధ్య ఎవరికి బాగుంటుందంటే, వెనక మూడు చోట్లా మూడు పాయింట్ల బెల్టులున్న కొంచెం వెడల్పయిన కారు, బెల్టుతో బిగించే సీటు, వెనక ఒక్క పెద్దమనిషి మాత్రమే కూర్చునే ఇల్లు. ఈ మూడూ కలిస్తే మారు మాట లేకుండా మధ్యలో పెట్టండి.

ఎడమా, కుడా

ఎక్కువ ఇళ్ళు చివరికి వచ్చేది ఇక్కడికే. రెండు పక్కలా ఐసోఫిక్స్ ఉంటుంది, రెండు పక్కలా బెల్టు ఉంటుంది, గుద్దుడులో రక్షణ విషయంలో పెద్ద తేడా కనబడదు. తేడా అంతా రోడ్డు దగ్గర ఉంటుంది.

మనం రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతాం. ఆపినప్పుడు ఎడమ తలుపు కాలిబాట వైపు గానీ మట్టి వైపు గానీ తెరుచుకుంటుంది. కుడి తలుపు వెనక నుంచి వచ్చే బండ్ల దారిలోకి తెరుచుకుంటుంది. బేబీ సీటులో పిల్లాడిని పడుకోబెట్టడం, బెల్టులు సర్దడం, బకిల్ నొక్కడం అరనిమిషంలో అయ్యే పని కాదు. ఏడుస్తుంటే ఇంకా ఆలస్యం. ఆ సేపంతా మీ నడుము తలుపు బయటే ఉంటుంది. ఇచ్ఛాపురం దాటాక జాతీయ రహదారి 16 మీద టీ కొట్టు దగ్గర ఆగినా, బరంపురం బజారు రోడ్డులో ఆగినా, మీరు ఎడమ పక్క నిలబడితే మీ వెనక కొట్టు ఉంటుంది. కుడి పక్క నిలబడితే బస్సు.

రెండు వరుసల రోడ్ల మీద ఇంకో కారణం ఉంది. గుణుపురం నుంచి రాయగడకో, సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్‌కో వెళ్ళే దారుల్లో మధ్యలో డివైడర్ ఉండదు. ఎదురొచ్చే బండి మన కారుకి కుడి పక్కగా దాటుతుంది. ఓవర్‌టేక్ చెయ్యబోయి రాసుకుపోయే బండి తగిలేదీ కుడి పక్కకే. తప్తపాని ఘాట్ మలుపుల్లో పెద్ద లారీ తిరిగేటప్పుడు లోపలికి ఎంత కోసుకొస్తుందో ఆ దారిన వెళ్ళినవాళ్ళకు తెలుసు. నాకు పిల్లాడు ఆ పక్క ఉండకపోవడమే మంచిదనిపిస్తుంది.

జాగా సంగతి కూడా ఎడమకే అనుకూలం. వెనక్కి తిరిగి ఉండే సీటు పొడుగ్గా జాగా తింటుంది. దాని ముందున్న సీటుని ముందుకి జరపాల్సిందే. డ్రైవర్ పొడుగు మనిషైతే ఆయన సీటు జరపలేం. మోకాళ్ళు స్టీరింగ్‌కి తగులుతుంటే బ్రేకు సరిగ్గా తొక్కలేరు, ఎయిర్‌బ్యాగ్‌కి మరీ దగ్గరవుతారు. ఛాతీకి, స్టీరింగ్‌కి మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. ప్యాసింజర్ సీటుని జరుపుకోవచ్చు. అందులో కూర్చునే పెద్దమనిషికి మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకి తగిలేలా అయితే ఆ సీటు ఖాళీగా ఉంచి ఆయన్నో ఆవిడనో వెనక్కి పంపండి. ఒకళ్ళకి ఇబ్బంది అని బేబీ సీటుని సరిగ్గా లేని కోణంలో నిక్కించి పెట్టడం మాత్రం వద్దు.

ఒంటరిగా నడిపే అమ్మకో నాన్నకో ఎడమ పక్క ఇంకా మేలు. డ్రైవర్ వెనక ఉన్న పిల్లాడు కనబడనే కనబడడు. ఎడమ వెనక ఉంటే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తల కొంచెం తిప్పితే సీటు అంచు, చిన్న కాళ్ళు కనబడతాయి. ఏడిస్తే బండి పక్కకి తీసి ఆపి చూడండి. నడుపుతూ చెయ్యి వెనక్కి చాచొద్దు.

కుడి పక్కకి న్యాయంగా ఇవ్వాల్సిన మార్కులు కూడా ఉన్నాయి. డ్రైవర్ పొట్టిగా ఉండి సీటు ఎలాగూ ముందుకే ఉంటే, ప్యాసింజర్ సీట్లో పొడుగు మనిషి రోజూ కూర్చునేవాళ్ళయితే, కుడి పక్కే బేబీ సీటు సరైన కోణంలో పడుతుంది. ఇంటి ఆవరణలోనే ఎక్కి, అవతలి ఇంటి ఆవరణలోనే దిగేవాళ్ళకు రోడ్డు పక్క తలుపు సమస్య తగ్గుతుంది. కారు ఎడమ పక్క ఐసోఫిక్స్ కడ్డీ వంగిపోయి ఉన్నా, ఆ పక్క బెల్టు లాక్ కాకుండా జారుతున్నా, ఆలోచించకుండా కుడికి మార్చండి. వదులుగా ఉన్న ఎడమ కన్నా గట్టిగా ఉన్న కుడి మంచిది.

పెద్ద బండ్లు, ఇద్దరు పిల్లలు

ఎర్టిగా, ఇన్నోవా లాంటి మూడు వరుసల బండ్లలో రెండో వరుసే. మూడో వరుస వెనక అద్దానికి మరీ దగ్గర, అందులో పిల్లాడిని ఎక్కించి దించడం కూడా కష్టం. రెండో వరుసలో విడివిడి కెప్టెన్ సీట్లుంటే మధ్య చోటు ప్రశ్నే లేదు, ఎడమదే. మూడో వరుసలోకి వెళ్ళాలంటే ఎడమ సీటు మడవాలి కదా అంటారు. బేబీ సీటు ఉన్నంత కాలం మూడో వరుస వాళ్ళు కుడి పక్క నుంచి ఎక్కాలి, అదీ బండిని సందులోనో ఆవరణలోనో ఆపి. రోడ్డు మీద కాదు.

బొలెరో లాంటి బండ్లలో వెనక ఎదురెదురుగా ఉండే పక్క బెంచీల మీద ఏ బేబీ సీటూ పెట్టకూడదు. అవి పక్కకి చూస్తాయి. బేబీ సీటు ముందుకో వెనక్కో చూసే కారు సీటు మీద పెట్టడానికే తయారైంది.

ఇద్దరు పిల్లలుంటే కొంచెం ఆలోచించాలి. వెనక్కి తిరిగి ఉన్న చిన్నవాడు ఏ చోటైనా బాగా రక్షణలో ఉంటాడు. ముందుకు చూసే పెద్దవాడికే మెడ రక్షణ తక్కువ. అందుకని మధ్యలో మూడు పాయింట్ల బెల్టు ఉంటే మధ్య చోటు పెద్దవాడికిచ్చి, చిన్నవాడిని ఎడమ పక్క పెట్టడం తెలివైన పని. మధ్యలో నడుము బెల్టు మాత్రమే ఉంటే పెద్దవాడు కుడి పక్క. అప్పుడు కుడి తలుపుకి చైల్డ్ లాక్ పెట్టండి, వాడు తనంతట తాను తలుపు తీసి రోడ్డు మీదకి దిగకుండా. వాడినీ ఎడమ తలుపులోంచే దించడం అలవాటు చెయ్యండి.

ఎక్కడ పెట్టినా, బిగింపు

చోటు ఎంచుకున్నాక నేను ఎక్కువ గట్టిగా చెప్పేది ఇదే. సీటుని బెల్టు పోయే చోట రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ కదపండి. రెండున్నర సెంటీమీటర్లకి మించి కదిలితే అది బిగిసినట్టు కాదు. సీటు తల దగ్గర పట్టుకుని ఊపితే ఊగుతుంది, దానికి భయపడొద్దు. చూడాల్సింది బెల్టు దారి దగ్గర.

ఆర్44, ఆర్129 సీట్ల మీద బెల్టు దారులకు రంగులుంటాయి. వెనక్కి తిరిగినప్పుడు నీలం రంగు గుర్తుల్లోంచి బెల్టు పోవాలి. ఎరుపు ముందుకు చూసినప్పటిది. ఎరుపు దారిలో బెల్టు వేసి వెనక్కి తిప్పి పెడితే ఆ సీటు ఆగదు. చిన్న కార్లలో ఇంకో ఇబ్బంది, బెల్టు పొడుగు చాలకపోవడం. సీటు వీపు చుట్టూ తిప్పి తెచ్చేసరికి బకిల్ అందదు. అలాంటప్పుడు ఎక్స్‌టెన్షన్ ముక్కలు కొనకుండా ఐసోఫిక్స్ ఉన్న సీటుకి మారండి. బకిల్ తోక మరీ పొడుగ్గా ఉండి సీటు ప్లాస్టిక్ మీదకి ఎక్కితే కూడా బెల్టు బిగవదు. ఆ చోటు మార్చాల్సిందే.

సపోర్ట్ లెగ్ ఉన్న సీటైతే కింద కార్పెట్ ఎత్తి చూడండి. కొన్ని కార్లలో కాళ్ళ కింద సామాను పెట్టుకునే డొల్ల పెట్టె ఉంటుంది. దాని మూత మీద కాలు నిలబెడితే గుద్దుడులో మూత విరిగి సీటు ముందుకి వాలిపోతుంది.

కోణం చూసేటప్పుడు బండి చదును నేల మీద ఉండాలి. సీటు పక్కన ఉండే గీత గానీ బుడగ గానీ చూసుకోండి. నెలల పిల్లలకు ఎక్కువ వాలుగా, దాదాపు 45 డిగ్రీలు ఉండాలి, లేకపోతే నిద్రలో తల ముందుకు పడి ఊపిరికి అడ్డం వస్తుంది. ఏడాది దాటి తల నిలబెట్టే పిల్లలకు కంపెనీ ఒప్పుకున్నంత మేర నిటారుగా పెట్టొచ్చు, అప్పుడు ముందు సీటుకి జాగా కూడా మిగులుతుంది. భుజం పట్టీలు వెనక్కి తిరిగినప్పుడు పిల్లాడి భుజాల ఎత్తులో గానీ కొంచెం కిందగా గానీ రావాలి. పట్టీని భుజం దగ్గర రెండు వేళ్ళతో గిల్లితే మడత దొరక్కూడదు. దొరికితే ఇంకా బిగించాలి.

డిసెంబరు, జనవరిలో కోరాపుట్, దారింగిబాడి వైపు చలికి పిల్లలకు దూది కోట్లు వేస్తారు. ఆ కోటు మీద పట్టీలు బిగిస్తే గట్టిగా ఉన్నట్టే ఉంటాయి, గుద్దుడులో కోటు నలిగిపోయి పట్టీ వదులైపోతుంది. పలచటి బట్టల మీద పట్టీ బిగించి, పైన దుప్పటి కప్పండి.

ఎండ, సామాన్లు

వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లాడి ముఖం వెనక అద్దానికి ఎదురుగా ఉంటుంది. ఇది చాలామందికి తట్టదు. బరంపురం నుంచి శ్రీకాకుళం వైపు నైరుతి దిక్కుగా వెళ్తాం. పొద్దున బయలుదేరితే ఎండ ఎడమ వెనక మూల నుంచి వస్తుంది. సాయంత్రం తిరిగి వస్తుంటే వెనక అద్దంలోంచి నేరుగా పిల్లాడి కళ్ళలో పడుతుంది. సీటుకి వచ్చే కానోపీ గొడుగు ఉన్న మోడల్ కొనండి, పని చేస్తుంది. అద్దాలకు నల్ల ఫిల్ములు అతికించుకోవడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది, ఆ దారి లేదు. ఎండలో నిలబెట్టిన కారులో బకిల్ ఇనుప ముక్క కాలేంత వేడెక్కుతుంది. పిల్లాడిని కూర్చోబెట్టే ముందు మీ చేత్తో తాకి చూడండి. రెండు నిమిషాల పనికైనా పిల్లాడిని కారులో వదిలి వెళ్ళకండి, ఇంజను ఆన్‌లో ఉన్నా.

పిల్లాడి ముఖం వెనక అద్దం వైపే ఉంటుంది కాబట్టి ఆ అద్దం కింద పలక మీద ఏమీ పెట్టొద్దు. పలాస జీడిపప్పు డబ్బాలు, స్టీలు క్యారేజీ, గొడుగు, కొబ్బరికాయలు అక్కడ పడేసే అలవాటు మనకుంది. సడన్ బ్రేకు పడితే అవి ముందుకి ఎగిరి వచ్చేది పిల్లాడి ముఖం మీదకే. పల్లెటూరి చుట్టాలు కారు నిండా బియ్యం బస్తా, పనసకాయ ఎక్కించి పంపిస్తారు. అవన్నీ డిక్కీలో కింద, వెనక సీటు వీపుకి ఆనించి పెట్టండి.

టాక్సీ మాట్లాడుకుంటే ముందే ఫోన్ చేసి వెనక మూడు పాయింట్ల బెల్టులున్నాయా, పనిచేస్తున్నాయా, సీటు కవర్ల కింద దాచేశారా అని అడగండి. చాలా టాక్సీల్లో కొత్త కవర్లు వేసినప్పుడు బకిళ్ళని లోపలికి తోసేస్తారు. సీఎన్జీ సిలిండర్ డిక్కీలో ఉంటే సామాన్లు ఎక్కడ పెడతారో కూడా అడగండి, లేకపోతే అవి వెనక సీటు మీదకి, మీ పిల్లాడి పక్కకి వస్తాయి. మావయ్య కారులోకో అన్నయ్య కారులోకో సీటు మార్చినప్పుడు మళ్ళీ మొదటి నుంచి బిగించాలి, మీ కారులో పట్టిన కోణం వాళ్ళ కారులో పట్టదు. అందుకని బయలుదేరే పొద్దున కాకుండా ముందు రోజు సాయంత్రమే ఆ కారు తెప్పించుకుని, రెండు మాన్యువల్స్ దగ్గర పెట్టుకుని బిగించి చూసుకోండి.